బాపు వీపు మీది బంతి

ఆ రోజుల్లో గురక పెట్టే మగవాడికి ఇంట్లో గౌరవం ఎక్కువ. కడుపునిండా తిని నిశ్చింతగా పడుకున్నాడని లెక్క. (పక్కనున్న ఆడమనిషికి కునుకు పడుతోందా అని ఎవరూ అడగరు. అడిగితే నేనే అడగాలి, అడిగి తిట్లు తినాలి.) ఇప్పుడైతే నోట్లో పెట్టుకునే తొడుగులు, ముక్కు మీది పట్టీలు, అంగిలిని రేడియో తరంగాలతో బిగించే చికిత్సలు, పెద్ద కోతలేమీ లేకుండా ఎన్నో వచ్చాయి. ఎనభైల్లో, సూర్యాపేటలో, మా బాపు వైద్యానికి కావలసి వచ్చింది ఒక పాత బనీను.

బాపుది ధాన్యం అడ్తి దుకాణం. ఆయన గురకను ఎట్లాగో భరించొచ్చు గానీ, అది మధ్యలో ఠక్కున ఆగిపోయేది. మళ్లీ ఊపిరి అందేదాకా అమ్మ తన ఊపిరి బిగబట్టి కూర్చునేది. పొద్దున చెప్తే బాపు "నేనా? గురకనా?" అని నవ్వేవాడు. ఆఖరికి అమ్మ సంచి సర్దింది. "వైద్యం చేయించుకుంటేనే వస్తా" అని కోదాడలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. వంట నా మీద పడింది. కాలేజీలో వక్తృత్వం ప్రైజులన్నీ నావే, ఇంట్లో మాడిన పప్పూ నాదే. నా వాదనకో, ఆ పప్పుకో జడిసి బాపు దవాఖానకు కదిలాడు.

డాక్టరు గొంతులోకి టార్చి వేసి చూశాడు. "ఇంకా ముదరలేదు సేటూ, కోసుడు అక్కర్లేదు. జర పొట్ట తగ్గించు. ఎల్లెలకల పండకు. బనీను ఎనక జేబు కుట్టించి అండ్ల బంతి పెట్టు, ఒత్తుకుంటే నువ్వే పక్కకు తిరుగుతవ్."

బాపు మొహం చిన్నబోయింది. సూది లేదు, టానిక్కు లేదు! "గీయనేం డాక్టరే?" అన్నాడు బయటికొచ్చి నాతో.

"సూది పొడిస్తేనే డాక్టరా బాపూ? నేను కుడత, నువ్వు తొడుక్కుంటవ్, అంతే." దుకాణంలో మధ్యాహ్నం కునుకు తీస్తాడు కాబట్టి పగలు కూడా విప్పొద్దని హుకుం వేశాను.

లాల్చీ కింద బంతి బుడిపెలా లేచింది. చివ్వెంల నుంచి వడ్లు తెచ్చిన రైతు అడగనే అడిగాడు. "సేటూ, వీపుమీద గదేంది?"

గురక సంగతి పదిమందిలో చెప్పడానికి సిగ్గేసి బాపు "గడ్డ" అన్నాడు. ఇగ చూడండి!

"ఏపాకు నూరి కట్టు సేటూ."

"ఏపాకుతోని ఏమైతది? ఉల్లిగడ్డ కాల్చి పెట్టాలె."

"నిన్న లేదు, గింతల్నే గింత పెద్దదా! పట్నం తీస్కపోండ్రి!"

కునుకు మాట అటుంచి, బాపుకు అన్నం తినే సందు కూడా దొరకలేదు. ఆ కబురు బస్సెక్కి కోదాడ చేరింది. చేరేసరికి ఆపరేషన్ దాకా పెరిగింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ దిగింది. చెప్పులైనా విడవకుండా "నాకో మాట చెప్పి పంపలేకపోయారా?" అని ఏడుస్తూ, బాపును అటు తిప్పి లాల్చీ ఎత్తింది. బనీను, జేబు, బంతి.

"వైద్యం చేయించుకుంటేనే వస్తనంటివి గద" అని గొణిగాడు బాపు, గోడకేసి చూస్తూ.

అమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. నేను ఊరుకుంటానా? "చూసినవా అమ్మా, రాత్రి గురక సగమైంది! డాక్టరు చెప్పిందే కరెక్టు, నేను మొదటి నుంచీ..."

అమ్మ వినడం లేదు. జేబు అంచు లాగి చూస్తోంది. "ఇదేం కుట్టే? రేపటికి ఊడిపోతది. నోర్మూసుకుని సూదిలోకి దారం ఎక్కించు."

బాపు బనీను విప్పిచ్చి, అమ్మ పక్కనే బుద్ధిగా కూర్చున్నాడు. నా దగ్గర ఇంకా నాలుగు పాయింట్లు మిగిలే ఉన్నాయి. అన్నీ మింగేసి, దారం కొసను నోట్లో తడిపి సూది బెజ్జం వెతుక్కుంటున్న ఆ ప్రైజుల పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ నోరు మూసుకోలేదు.