క్యూబెక్‌లో సాంబ్రాణి పొగ

నిన్న భోజనాల వేళ మలేసియాలోని ఇపోలో మా వీధి గుండా నిప్పులార్పే బొంబా బండి కూత పెట్టుకుంటూ పోయింది. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా అరవ కోడలు నవ్వింది గానీ, ఆ కూత వింటే నాకేం గుర్తొస్తుందో దానికేం తెలుసు!

మా అమ్మాయి పురిటికి నేను కెనడాలోని క్యూబెక్ వెళ్లిన ఏడాది మాట అది. రొట్టెల కొట్టు మొదలు మంత్రసాని దాకా అక్కడ అందరిదీ ఫ్రెంచే, నేను నోరు విప్పితే ఒట్టు. పైగా పసిబిడ్డకి హాని చేశారని అనుమానం వస్తే సర్కారువాళ్లు ఎత్తుకుపోతారని ఎవరో చెప్పగా విని, పిల్ల కెవ్వుమంటే చాలు, ముందు నేనే గుమ్మం వైపు చూసేదాన్ని.

అయినా నీళ్లు పోసిన బిడ్డకి సాంబ్రాణి పొగ వెయ్యకుండా మనలాంటివాళ్లకి చెయ్యి ఊరుకుంటుందా? మన ఇళ్లలో తలుపులు బార్లా తీసి ఉంటాయి. అక్కడ బయటంతా మంచు, కిటికీలు బిగించేసి ఉన్నాయి. అమ్మాయీ అల్లుడూ ఆసుపత్రికి వెళ్లిన పూట, ఇపో నుంచి పట్టుకెళ్లిన బొగ్గుబిళ్ల ముట్టించి పొగ వేశాను. అంతే, పైకప్పుకున్న యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగింది, కాసేపటికే కూత పెట్టుకుంటూ నిప్పులార్పే బండి వచ్చింది, ఇనపటోపీలవాళ్లు లోపలికి దూసుకొచ్చారు.

అందులో ఒకాయన బిడ్డనిమ్మని చేతులు చాచాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. బడిలో నేర్చిన ఇంగ్లీషు, బజారు మలయు, అత్తవారింటి అరవం, ఒక్కటీ నోటికి రాలేదు. చిన్నప్పుడు మా మామ్మ దగ్గర విన్న తెలుగే వచ్చింది.

"సస్తాను గానీ పిల్లనియ్యను! ఏటి సేసినాను బాబూ నేను? పొగేసినాను, అంతే!"

ఆయన ఏదో మెత్తగా అని, బిడ్డని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని మెట్లు దిగాడు. ఎత్తుకుపోతున్నాడనే నమ్మి, ఏడుస్తూ ఆయన కోటు పట్టుకుని దిగాను. కింద వాళ్ల బండిలో వెచ్చటి చోట నన్ను కూర్చోబెట్టి, పిల్లని నా ఒళ్లోనే పెట్టాడు. పిల్లని పొగలోంచి బయటికి తెచ్చాడే గానీ ఎత్తుకుపోలేదని అప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఆ మనవరాలు ఇప్పుడు నవ్వినా ఏడ్చినా ఫ్రెంచిలోనే. అమ్మాయి ఫోనులో అరవమే మాట్లాడుతుంది, ఇక్కడ మా ఇంట్లోనూ అదే. నేనూ అలవాటుపడిపోయాను. కానీ రేపు ప్రాణం మీదికి వస్తే నా నోట మళ్లీ మామ్మ మాటే వస్తుందని నాకు తెలుసు. దాహమో, నొప్పో, ఏదడిగినా అందులోనే అడుగుతాను. అప్పుడు నా మంచం పక్కన నిలబడ్డవాళ్లు కూడా, ఆ పరాయి మనిషిలాగే నా మాట అర్థం కాక, ఏదో మెత్తగా అని ఊరుకుంటారేమోనని నా భయం.