ఉప్పు తక్కువైన కంజుపిట్ట

మొన్న సెలవునాడు ఇక్కడ గల్ఫ్‌లో మేముండే కరామా పేటలో మన తెలుగువాళ్ల హోటల్ ముందు కంజుపిట్టల వేపుడు అని కొత్త బోర్డు కనబడితే, డాక్టరు చెప్పినవన్నీ గుమ్మం బయటే వదిలి లోపలికి పోయి, ఒక ప్లేటు తెప్పించుకుని, ముక్క నోట్లో పెట్టకముందే ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపాను. ఆ చెయ్యి వెనక ఒక పాత పందెం ఉంది.

కరోనాకు ముందు అయిదేళ్లు, నేనూ ఒక గోదావరి అన్నా ఇక్కడే ఒక పెద్ద హోటల్లో పక్కపక్క తొట్ల దగ్గర నిలబడి గిన్నెలు కడిగాం. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ని కాబట్టి నాకు ఆ తొట్టే కాలేజీ, ఆయనే ప్రిన్సిపాలు. ఆ హోటల్లోని ఒక రెస్టారెంటులో ఎక్కడో యూరప్ కొండల్లో వేటాడే జింక, కుందేలు, కంజుపిట్ట వండి, ఆ కొండల ద్రాక్షతోనే చేసిన వైను పోసేవారు. మా దాకా వచ్చేది ఎంగిలి పళ్లేలే అనుకోండి. కంజుపిట్ట సగానికి సగం అలాగే తిరిగొచ్చేది. చిన్నప్పుడు కోసిన వరిమళ్లలో ఉచ్చులు పెట్టి, దొరికిన ఒక్క పిట్ట కోసం అన్నదమ్ములం కొట్టుకున్నవాళ్లం, చూస్తే ప్రాణం ఉసూరుమనేది. అక్కడికొచ్చే అతిథులకు చేత్తో తినడం రాదు, కత్తితో గీకితే బొక్క మీది కండ ఊడదు, అందుకే వదిలేస్తున్నారని నా వాదం. "ఉప్పు లేదురా తమ్ముడూ, నీ మాటల్లో ఉన్నంత కూడా లేదు," అనేవాడు అన్న. ఓడినవాడు కరక్ చాయ్ తాగించాలి.

తేల్చుకునే దారీ దొరికింది. అయిదేళ్లు నిండిన పనివాళ్లకు, ఆ రెస్టారెంటులో అతిథుల్లా ఇద్దరు భోంచేసేందుకు ఒక కాగితం ఇవ్వడం ఆ హోటల్ ఆనవాయితీ. అది నా చేతికొచ్చిన రోజే అన్న ఆ భోజనానికని తన చొక్కా ఇస్త్రీ చేసి మా గదిలో తగిలించాడు. ఇంతలో కరోనా వచ్చి హోటల్ మూతబడి, ముందుగా ఆయన్నే ఊరికి విమానం ఎక్కించారు. "నేనొచ్చేదాకా పిట్టను ముట్టావంటే చూడు," అని వేలు చూపించి మరీ పోయాడు. చొక్కా కొక్కేనికే ఉండిపోయింది.

హోటల్ తెరిచారు గానీ ఆయన తొట్టి ఉన్న చోట మెషిన్ పెట్టారు. అన్నను మళ్లీ పిలిపించమని ముదీర్‌ని, అంటే మేనేజర్ని, నాలుగుసార్లు అడిగితే, ఖలాస్, ఆ పోస్టే లేదన్నాడు. అన్న కువైట్ వెళ్లిపోయాడు. నేను కాగితాన్ని గడువు ఆఖరి రోజుదాకా దాచి, చివరికి ఆయన చొక్కాయే తొడుక్కుని పోయాను.

రోజూ నాతో ఒకే బస్సులో వచ్చే నేపాలీ వెయిటర్ సర్ అంటూ కుర్చీ జరిపితే, వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూశాను. వైను నేరేడుపండు తొక్క నమిలినంత వగరు. కత్తితో కాసేపు కుస్తీ పట్టి, ఎవరూ చూడకుండా చేత్తోనే కండ ఊడదీసి తిన్నాను. అన్న మాటే నిజం, ఉప్పు లేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరి దగ్గరా ఓటమి ఒప్పుకోని నోరు నాది, ఆ పూట ఒప్పేసుకుందామని తలెత్తితే ఎదురుగా మడత విప్పని గుడ్డ, తాకని గ్లాసు.

తినడం కాగానే అలవాటున బొక్కలన్నీ ఒక పళ్లెంలోకి దులిపి, అన్న ఖాళీ పళ్లెం దాని కింద పెట్టి, రెండూ పట్టుకుని వంటింటి వైపు నడుస్తున్నానని సగం దూరం పోయేదాకా నాకే తెలియలేదు. ఈ రోజుకు కూర్చో భాయ్ అని హిందీలో గొణిగి, వెయిటర్ వాటిని నా చేతుల్లోంచి తీసుకున్నాడు.

బస్టాపు నుంచి కువైట్‌కు ఫోన్ చేశాను. అవతల గిన్నెల చప్పుడు. "డ్యూటీలో ఉన్నానురా, మళ్లీ చేస్తా," అన్నాడు. చేయలేదు. తర్వాత ఆ నంబరే మారిపోయింది.

ఇప్పుడు కంజుపిట్ట మా సందులోనే దొరుకుతోంది, ఉప్పు డబ్బా బల్ల మీదే ఉంటోంది, నేను జోకేస్తే గదిలో కుర్రాళ్లందరూ చెవుల్లోని వైర్లు తియ్యకుండానే నవ్వుతున్నారు. అది కాదురా అనేవాడు మాత్రం ఒక్కడూ లేడు. మొన్నటి వేపుడులో ఉప్పు సరిగ్గానే ఉంది. తిన్నాక రెండు కరక్ చాయ్‌లు చెప్పాను. ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూసి, అదీ నేనే తాగి లేచాను.