సముద్రపిట్ట ముట్టిన ముద్ద

ఆరో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి వెళ్తే మా సారు, “నువ్వు బడి మానితే ఇద్దరం బాగుపడతం రా” అన్నాడు. ఆయన బాగుపడ్డాడు. అంత తక్కువ చదివినా, దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా రూమ్‌లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే వెనక నుంచి కేక వేసి భయపెట్టేది నేనే.

మస్కట్‌లో ఒక కంపెనీలో పనివాణ్ణి. ఈమధ్య ఖురం ఒడ్డు నుంచి కనిపించే రాతి దీవి మీద డ్యూటీ పడింది. కొండ కొమ్మున ఉన్న దీపస్తంభం బాగుచేయాలి. పొద్దున పడవలో వెళ్లి సాయంత్రం రావడం. అక్కడ మనుషుల్లేరు, చెట్లు లేవు, ఒక్క కాకి కూడా లేదు.

ఉన్నవన్నీ సముద్రపిట్టలు. కొండ నిండా రాతి సందుల్లో గుడ్డు పెట్టుకుని పొదుగుతుంటాయి. తెల్లటి ఒళ్లు, ఎర్ర ముక్కు, మూరెడు తోక. గాల్లో రాజాలా ఎగురుతాయి గానీ నేల మీద కాళ్లు నిలవవు, పొట్ట మీద పాకాల్సిందే. మేం పనిచేసే చోటి పక్కనే ఒకటి ఉండేది. జంటపిట్ట వచ్చేదాకా గుడ్డు మీద నుంచి కదిలేది కాదు. అన్నం విసిరాను, చపాతీ విసిరాను, చేపముక్క కూడా పెట్టాను. నా వంట తిన్న రూమ్‌వాళ్లలాగే మొహం తిప్పుకుంది.

అప్పుడే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా లచ్చక్క గుండె ఆగి చనిపోయింది.

అక్క ఎన్నడూ సముద్రం చూడలేదు. ఎప్పుడు మాట్లాడినా “జర సముద్రం సూపెట్టు తమ్మీ” అనేది. నేను ఫోన్ అటు తిప్పి, “ఇది మన చెర్వే అక్కా, ఉప్పు జర ఎక్కువైంది” అనేవాణ్ణి. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది.

నా బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, కొత్తది ఇంకా చేతికి రాలేదు. అది లేకుండా పోతే మళ్లీ రానివ్వరు, అందుకే వెళ్లలేకపోయాను.

మూడోనాడు ఊళ్లో పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆరుబయట పెడతారు. కాకి ముడితే ఏ కోరికా మిగలకుండా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అక్క బిడ్డ మమత దీవి మీదున్న నాకు వీడియో కాల్ చేసి చూపించింది. విస్తరి అలాగే ఉంది. “అమ్మా, రాయే” అని పిలిచి పిలిచి ఆ పిల్ల గొంతు పోయింది.

“నువ్వన్న పిలువు మామా.”

నాకు వచ్చిన భాష ఒక్కటే. “ఓ అక్కా, అన్నంకాడ గిన్ని నకరాలా? రాయే!” అన్నాను. అంతలో సిగ్నల్ పోయింది.

ఏం చేయాలో తోచక నా టిఫిన్ మూతలో ముద్ద పెట్టి, పక్కన పచ్చి ఉల్లిగడ్డ ముక్క పెట్టాను. ఉల్లిగడ్డ లేనిది అక్కకు ముద్ద దిగేది కాదు.

ఆ పిట్ట గుడ్డును ఎండకు వదిలేసి బయటికొచ్చింది. రాళ్ల మీద పొట్ట ఈడ్చుకుంటూ మూత దాకా పాకింది. అన్నాన్ని ముక్కుతో కదిపి, ఉల్లిగడ్డ మింగింది. మళ్లీ పాక్కుంటూ గుడ్డు మీదికి పోయింది. నా వైపు చూసిందని అనను. పిట్ట కన్ను ఎటు చూస్తుందో నాకేం తెలుసు? నాతో పనిచేసే రాజన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను ఏడ్వడం అతను మొదటిసారి చూశాడు.

మర్నాడు మళ్లీ ఉల్లిగడ్డ పెట్టాను. పిట్ట అటు చూడను కూడా లేదు. అవి సముద్రంలో పట్టిన చేప తప్ప ఏదీ తినవని మా పడవ నడిపే ఒమానీ పెద్దాయన చెప్పాడు. ఆకలేసి తిన్నదంటే, నేను పెట్టిన చేపముక్కే వద్దన్నది. ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పిట్ట తిన్న సాయంత్రమే మమతకు ఫోన్ చేశాను. అక్కడ చివరిదాకా కాకి రాలేదట, అన్నం ఆవుకు పెట్టేశారట. జరిగింది చెప్పి, ఆ పిల్లను నవ్విద్దామని, “మీ అమ్మ వీసా లేకుండ వచ్చి సముద్రం సూసిపోయిందే” అన్నాను.

మమత నవ్వలేదు. బొంగురు గొంతుతో అంది:

“మంచిగనే ఉంది మామా. మరి పొద్దటిసంది పిల్సింది నేను గద. నాకాడికెందుకు రాలే?”