వెలిగిందా, ఆరిందా

మొన్నామధ్య మా అమ్మాయి విజయవాడ నుంచి తన పాత చిన్న కారులో తిరువూరు వచ్చి, ఇంజను ఆపకుండానే నన్ను బయటికి పిలిచి, నాన్నా, ఇదేదో మైలవరం దాటినప్పటి నుంచీ వస్తోంది చూడు అని డ్యాష్‌బోర్డు చూపించింది. స్పీడు ముల్లు పక్కన బ్యాటరీ బొమ్మ, దాని వెనక ఎర్రటి సన్నని వెలుగు. ఎండలో అయితే అసలు వెలగనట్టే ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. చూడగానే, చల్లారిపోయిందనుకున్న పాత సంగతి ఒకటి మళ్లీ రాజుకుంది.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కార్లలోనూ జీపుల్లోనూ బ్యాటరీని చార్జ్ చేసే డైనమోలు పోయి, అదే పనికి ఆల్టర్నేటర్లు వస్తున్న రోజులవి. నేనూ నా స్నేహితుడూ కలిసి బస్టాండుకు కాస్త అవతల ఒక రేకుల షెడ్డులో బండ్ల కరెంటు పని పెట్టుకున్నాం. ఆయన నాకంటే కొంచెం పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. మా ఇంట్లో ఆవకాయ కలిపే రోజున వాళ్లమ్మగారు వచ్చి పీట వేసుకుని కూర్చుని, కారం చాలదంటే చాలదని మా అమ్మతో వాదం పెట్టుకునేవారు. వాళ్ల జాడీ కూడా మా ఇంట్లోనే నిండేది. అంతగా కలిసిపోయిన ఇళ్లు.

ఆ బ్యాటరీ బొమ్మ లైటు, అదే చార్జింగు లైటు పని ఒక్కరు చేసేది కాదు, కనీసం మా షెడ్డులో కాదు. మీటర్లు అప్పట్లో మా దగ్గర ఎక్కడివి? ఒకరు బానెట్ కింద తలపెట్టి ఉంటారు, ఒకరు డ్రైవరు సీట్లో కూర్చుంటారు. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలగాలి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. వెలగకపోయినా రోగమే, ఆరకపోయినా రోగమే. బానెట్ కింద ఉన్నవాడికి లైటు కనపడదు కాబట్టి, వెలిగిందా అని కేకేస్తాడు, సీట్లోవాడు జవాబు చెబుతాడు. తర్వాత, ఆరిందా అని ఇంకో కేక. ఆ జవాబు మీదే బండి షెడ్డు దాటేది. భాయ్ ఆ రెండు కేకలూ వేయకుండా ఏ బండినీ పంపలేదు.

మామిడి కోతల కాలంలో ఒక శుక్రవారం, రెడ్డిగూడెం నుంచి ఒక టాక్సీ వచ్చింది. ఇంజను నడుస్తున్నా లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. ఆ సాయంత్రం నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిలో పెళ్లి, మధ్యాహ్నం నుంచీ వినగడప చుట్టూ చుట్టాల్ని చేరవెయ్యాలి, చివర్లో పెళ్లికొడుకుని ఎక్కించుకోవాలి అని డ్రైవరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భాయ్ ఆల్టర్నేటర్ విప్పి, లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడుల్లో పోయినదేదో పట్టుకుని, కొత్తది నా చేతికిచ్చి, ఇది అతికించి బిగించు తమ్ముడూ, నమాజుకు వెళ్లొస్తానని వెళ్లాడు. డయోడు అతికించేటప్పుడు వేడి ఎక్కువసేపు తగలకూడదని నాకు తెలుసు. తెలిసీ, టీ కొట్టు దగ్గరివాళ్లతో కబుర్లాడుతూ సీసం కరిగించే వేడి కడ్డీని దానిమీద అలాగే ఉంచేశాను. బిగించి ఇంజను వేసి చూస్తే, లైటు అంతే సన్నగా వెలుగుతూ ఉంది.

ఇంకో డయోడు విజయవాడ నుంచి రావాలి. నా చేతివల్ల పాడైందని భాయ్‌కి చెప్పాలి. డ్రైవరు హారన్ కొట్టి తొందరపెట్టి, టీ కొట్టు దగ్గరికి వెళ్లాడు. నేను డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి ఆ చిన్న బల్బు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. డైనమో బండ్ల మీద పని నేర్చినవాణ్ణి కదా, బల్బు అనేది ఉన్న సంగతి చెబుతుందంతే, దాంతో చార్జింగుకి ఏం పని అనుకున్నాను.

భాయ్ వచ్చి బానెట్ కింద వంగాడు. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను.

“వెలిగిందా?”

“వెలిగింది భాయ్.”

“ఆరిందా?”

“ఆరింది.”

చేతులు తుడుచుకుని బండిని పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే, టీ కొట్టు దగ్గర పదిమంది చేరే వేళకు, ఆ టాక్సీని ఒక జీపుకు తాడు కట్టి లాక్కొచ్చారు. చీకటి పడుతుంటే హెడ్‌లైట్లు వేశాడట, అవి ఎర్రబడి, ఇంజను దగ్గి, గుడికి ఇంకా దూరం ఉందనగానే ఆగిపోయిందట. పెళ్లికొడుకు బాసికంతో సహా మామిడికాయల ట్రాక్టరెక్కి వెళ్లాడు. ముహూర్తం తప్పలేదు గానీ, ఆ డ్రైవరును మళ్లీ ఆ ఊళ్లలో పెళ్లికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. అతను నేరుగా భాయ్ మీదికే వెళ్లాడు.

“పెళ్లికొడుకుని ట్రాక్టరెక్కించావు, నన్ను గాడిదెక్కించావు. పనోడివని కదయ్యా వచ్చాను.”

భాయ్ బండి తలుపు తీశాడు. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి, ఖాళీ హోల్డరు బయటికి లాగి, దాంట్లో వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఏదో వైరు ఊడిందని కప్పేస్తాడనుకున్నాను. లోపలి సంగతి లోపల తేల్చుకోవడమే స్నేహమని అప్పట్లో నా లెక్క.

“వెలిగిందా అంటే వెలిగిందన్నావ్ తమ్ముడూ. వెలగడానికి బల్బేది?”

పదిమందిలో అన్నాడు. ఆ తర్వాత డ్రైవరు వైపు తిరిగి, అన్నా, తప్పు మా షాపుదే, నీ పని ఊరికే చేసిపెడతాం, కానీ ఈ చెయ్యి మాత్రం నాది కాదు అన్నాడు. ఈ బండిలో ఆ బల్బు గుండా పోయే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటర్ నిద్ర లేస్తుందని, బల్బు ఉండి ఉంటే సగమన్నా చార్జయ్యి గుడి చేరేదని నెమ్మదిగా చెప్పాడు. టీ కొట్టులో ఎవరో నవ్వారు.

వెన్నుపోటంటే ఇదేననిపించింది నాకు. కలిసి అన్నం తిన్నవాడు, మా అమ్మ చేతి ఆవకాయ తిన్నవాడు, ఊరి నడిమధ్య నా పరువు తీశాడు. విడిపోయి సొంతంగా పెట్టుకోవాలని ఎప్పటినుంచో చూస్తున్నాడనీ, బేరాలన్నీ తనవైపు తిప్పుకోవడానికే నన్ను చులకన చేశాడనీ కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నేనంత కసిగా చెబితే జనం నమ్మరా, నమ్మారు. ఆయన వాదించలేదు. ఒకరోజు తన పానాలూ స్క్రూడ్రైవర్లూ గోనెసంచిలో వేసుకుని వెళ్లి, రోడ్డు చివర చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆ ఎండాకాలం వాళ్ల జాడీ మా ఇంటికి రాలేదు. అమ్మ అడిగితే, వాళ్లు మనకు ద్రోహం చేశారమ్మా అన్నాను. అంతకుముందే, ఆ గొడవ జరిగిన వారంలోనే అమ్మ, నా చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికిన బల్బు తెచ్చి, ఇదేంట్రా అంది. పాడైపోయిన బల్బన్నాను. అది పాడైంది కాదు.

ఎన్నేళ్లు మోశానో ఆ కోపాన్ని. షెడ్డు మూతపడింది, అమ్మ పోయింది, వాళ్లమ్మగారూ పోయారు. పలకరించడానికి కూడా వెళ్లలేదు. ద్రోహం చేసినవాడింటికి నేనెందుకు వెళ్లాలి అనుకున్నాను. వెళ్తే ఆ కేకలు వినపడతాయని భయమని ఒప్పుకోవడానికి ముసలితనం కావలసి వచ్చింది.

మా అమ్మాయి కారును ఆ రోడ్డు చివరి కొట్టుకే తీసుకెళ్లాను. వాళ్లబ్బాయి పని చూస్తున్నాడు. భాయ్ గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నాడు, షుగరు వల్ల చూపు బాగా తగ్గిందట. కుర్రాడు బానెట్ ఎత్తి మీటరు తగిలించబోతుంటే, ఆయన అలవాటు కొద్దీ కుర్చీలోంచే కేకేశాడు.

“వెలిగిందా?”

సీట్లో ఉన్నది నేను. వెలిగిందన్నాను. నా గొంతు విని ఆయన తల కాస్త పైకెత్తాడు. ఇంజను వేశాను. ఈసారి కేక రావడానికి ఆలస్యమైంది.

“ఆరిందా?”

అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి చూశాను.

“లేదు భాయ్. సన్నగా ఉంది.”

ఆయన వాళ్లబ్బాయితో అన్నాడు, “విప్పరా. తమ్ముడు చూసే చెప్పాడు.”

ఆ మాట వెక్కిరింపో, క్షమించడమో నాకు తెలియలేదు. అడిగే అర్హత లేదు కాబట్టి అడగలేదు. కుర్చీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. వాళ్లమ్మగారి గురించి చెప్పబోతే, ఆవిడ చివరిదాకా మీ ఇంటి కారం గురించే తిట్టేది అన్నాడు, అంతే.

ఇప్పుడు మీటరు తగిలిస్తే అంకె వచ్చేస్తుంది. సీట్లో ఇంకో మనిషి కూర్చోనక్కర్లేదు, అతను చెప్పింది నమ్మనక్కర్లేదు. పని తొందరగా అవుతుంది, మంచిదే. కానీ కనపడని లైటు గురించి అవతలివాడి మాట మీద బండిని వదిలే రోజులు పోయాయి, అందులో ఒక రోజును నా చేత్తోనే పాడుచేసుకున్నాను. వాళ్లబ్బాయి బాగుచేసి, మీటరు చూసి సరిపోయిందని చెప్పాక కూడా, భాయ్ నా వైపు తల తిప్పి, లైటు ఆరిందేమో ఇంకోసారి చూడు తమ్ముడూ అన్నాడు. లేచి వెళ్లి చూశాను.