ఒక వాయిదా ఖరీదు

ఇరవై ఆరేళ్ళ ప్లీడరీలో ఆర్నీ పెల్లికానో ఒక్క కేసూ ఓడిపోలేదు. ఈ సంగతి అతనే చెప్పుకుంటాడు. అబద్ధం కాదు. గెలిచిందీ లేదు మరి. బరిలోకి దిగినవాడికి కదా ఓటమి.

బ్రూక్లిన్ కోర్టుల్లో అతనికి వాయిదాల ఆర్నీ అని పేరు. అతనికి ఆఫీసు లేదు, సొంత కక్షిదారులు లేరు. ఒకప్పుడు చెప్పుల దుకాణం మీద గది ఉండేది. ఆ గది పోయింది, దుకాణమూ పోయింది. ఇప్పుడు ఉన్నది ఒక తోలుసంచీ, ఒక ఫోను. పెద్ద ప్లీడర్లకు ఉదయాన్నే కోర్టుకు రావడానికి ఒళ్ళు వంగనప్పుడు వాళ్ళ బదులు ఇతను వెళ్ళి నిలబడతాడు. రోజుకూలి. వాయిదా అడగడానికి డెబ్భై అయిదు డాలర్లు. రెండు ముక్కలు మాట్లాడాల్సి వస్తే నూట పాతిక. భోజనవేళ దాటితే పైన ఇంకో నలభై. కాగితాలు చదవమంటే ఎంత తీసుకుంటాడో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

చదవకపోవడమే అతని కవచం. జడ్జి ఏదైనా అడిగితే చేతులు కొంచెం పైకెత్తి, "నేను ఈ పూటకే వచ్చానండీ" అంటాడు. ఆ మాట అన్నవాణ్ణి ఎవరూ తిట్టరు. వాన పడిందని గొడుగును తిట్టి ఏం లాభం?

మార్చిలో ఒక మంగళవారం అతనికి రెండు పనులు తగిలాయి. ఒకటి ఒక లా ఆఫీసు నేరుగా పంపింది: సెలెస్టిన్ అనే ఆవిడ తరఫున వాయిదా అడగాలి. రెండోది పనులు పంచే ఏజెన్సీ పంపింది. అందులో పేర్లు లేవు. కేసు నంబరు, గది నంబరు, తొంభై డాలర్లు. అతను తొంభై మాత్రం చదివాడు.

కోర్టు నడవాలో గొంతెత్తి పిలిచాడు. "సెలెస్టిన్! సెలెస్టిన్ ఎవరు?"

బెంచీ మీంచి ఒకావిడ లేచింది. హైతీ మనిషి, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని. నాలుగేళ్ళ కిందట సూపర్‌మార్కెట్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని ఆ మార్కెట్టు మీద దావా వేసింది. చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకొచ్చింది.

"మీ ప్లీడరు ఆఫీసు తరఫున వచ్చానమ్మా," అంటూ ఆర్నీ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడానికి విడిగా రుసుం లేదు.

"మళ్ళీ కొత్తాయన! పోయినసారి వచ్చినాయన ఏడి?"

"ఆయన వేరే పని మీద ఉన్నాడు. ఇవాళ ఎలాగూ వాయిదానే. ఇంటికెళ్ళి పడుకోండి."

"నాలుగేళ్ళుగా పడుకునే ఉన్నాను బాబూ."

ఆవిడ సంచీ తీసుకోవడం చూసి, వెళ్ళిపోతోందనుకున్నాడు. తొంభై డాలర్ల పని వెతుక్కుంటూ గోడమీది కేసుల జాబితా దగ్గరికి వెళ్ళాడు. నంబరు దొరికింది. దాని పక్కన పేర్లు: సెలెస్టిన్, సూపర్‌మార్కెట్. అదే కేసు. అతను రెండు వైపులా అమ్ముడుపోయాడు. ఆ వరస చివర గుమాస్తా రాసిన మాట కూడా ఉంది: వాదికి ఇదే ఆఖరి అవకాశం.

ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, ఈ రోజుకూలి ప్లీడర్లకు. దానికో పద్ధతీ ఉంది: ఒక వైపును పక్కవాడికి సగం కూలికి అప్పగించాలి. పక్కనే క్విన్లన్ ఉంది. ఆమెదీ ఇదే బతుకు, బూట్లు మాత్రం ఇతనివాటికంటే మంచివి.

"ఒక చిన్న సాయం చేసిపెట్టవే. ముప్ఫై అయిదు ఇస్తాను."

"యాభై."

"నాకొచ్చేదే డెబ్భై అయిదు!"

"పోయినసారి ఇస్తానన్న ముప్ఫై ఇంకా నీ జేబులోనే గుడ్లు పెడుతోంది. యాభై, అదీ ముందే."

ఆర్నీ ఇవ్వలేదు. ఒక స్త్రీ నాలుగేళ్ళు ఒకవైపు, ఒక యాభై నోటు ఇంకోవైపు పెట్టి తూచాడు. నోటే బరువుగా తోచింది. మార్కెట్టువైపు నిలబడితే తొంభై. ఆవిడవైపు ఎవరూ లేకపోతే జడ్జి కేసు కొట్టేయవచ్చు. కొట్టేస్తే, దారిలో రైలు ఆగిపోయిందని ఆవిడ ప్లీడరు ఆఫీసుకు చెప్పుకోవచ్చు. బ్రూక్లిన్‌లో రైలు ఆగడం ఎవరూ కాదనలేని సాకు.

కేసు పిలిచారు.

"సూపర్‌మార్కెట్ తరఫున పెల్లికానో," అన్నాడు.

జడ్జి వోల్‌ఫ్రమ్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "వాది తరఫున?"

ఆర్నీ తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇది ఆఖరిసారి అని చెప్పాను. వాది తరఫున ఎవరూ లేకపోతే కొట్టేస్తున్నాను."

"ఉన్నానమ్మా!" వెనక వరసలోంచి గొంతు వినిపించింది. నీలం కోటు. ఆవిడ కర్ర ఆనించుకుంటూ ముందుకు వచ్చింది. తొందరపడలేదు, ఆ తుంటితో తొందర కుదరదు. "నా ప్లీడరూ ఉన్నాడు. ఇదిగో, ఈయనే. ఇందాక నా చెయ్యి పట్టుకున్నాడు. అటువైపు ఎందుకు నిలబడ్డాడో నాకు తెలీదు."

నవ్వబోయిన వాళ్ళు జడ్జి ముఖం చూసి మానుకున్నారు.

"పెల్లికానోగారూ, మీరు ఎవరి మనిషి?"

"నేను ఈ పూటకే వచ్చానండీ."

"నేనడిగింది పూట గురించి కాదు."

ఆర్నీ తోలుసంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"రెండు ఆఫీసులకూ ఫోన్ చెయ్యండి," అంది జడ్జి. "ఆఫీసు తలుపు మీద పేరున్నవాళ్ళే మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ ఉండాలి. వాది ప్లీడరు రాకపోతే ఆవిడ మాటే నేరుగా వింటాను. మార్కెట్టు ప్లీడరు రాకపోతే వాళ్ళ జవాబు కొట్టేసి ఆవిడవైపే తీర్పిస్తాను. వాయిదా లేదు. మీరు కదలకుండా ఇక్కడే కూర్చోండి. మీ పేరు విడిగా రాసుకుంటున్నాను. క్రమశిక్షణ కమిటీ వాళ్ళు ఉత్తరం రాస్తారు."

ఆర్నీ వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చోబోయాడు. సెలెస్టిన్ తన పక్క ఖాళీలో సంచీ పెట్టింది. అతను నిలబడ్డాడు.

రెండింటికి ఇద్దరూ వచ్చారు. మంచి సూట్లు, తడిసిన గొడుగులు, మింగీ మింగని భోజనం. సెలెస్టిన్ ప్లీడరు గదంతా చూసి, నీలం కోటు కాదని వేరే ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. నాలుగేళ్ళలో ఆయన కక్షిదారును చూడటం అదే మొదలు. తర్వాత ఇద్దరూ నడవాలోకి వెళ్ళారు. నాలుగేళ్ళు కుదరనిది నలభై నిమిషాల్లో కుదిరింది. తుంటికి ఆపరేషనూ, పని మానేసిన నెలల జీతమూ వచ్చేంత డబ్బు. మూడోవంతు ఫీజు కింద ఆవిడ ప్లీడరు సూటుది.

"అలిసిపోయి ఉంటారు, ఇంటికెళ్ళి పడుకోండి," అన్నాడాయన.

"మీరంతా ఒకే పాట ఎక్కడ నేర్చుకుంటారు?" అని సెలెస్టిన్ కర్ర అందుకుంది.

శుక్రవారం నడవాలో క్విన్లన్ ఎదురుపడింది. "ఏమయ్యా, నీతో నువ్వే రాజీ కుదుర్చుకోలేకపోయావటగా?"

ఆర్నీ కోటు లోపలి జేబులో కమిటీ ఉత్తరం ఉంది, ఇంకా కవరు చించలేదు. ఫోను మోగింది. సెలెస్టిన్ ప్లీడరు ఆఫీసు. అతను గోడవైపు తిరిగి, సిద్ధం చేసుకున్న క్షమాపణ గొంతులోకి తెచ్చుకున్నాడు.

"పెల్లికానోగారా? సోమవారం స్టాటెన్ ఐలండ్ కోర్టులో ఒక వాయిదా అడగాలి. మీరు ఖాళీయేనా?" ఎవరో కొత్తమ్మాయి. గొంతు తగ్గించి అంది, "అరవై డాలర్లకు ఒప్పుకుంటేనే పని పంపమన్నారు."

"నా రేటు డెబ్భై అయిదు."

"తెలుసండీ. మొన్నటి సంగతి తర్వాత అరవై అన్నారు."

అతను ఒప్పుకున్నాడు.