విడదీసి అమ్మిన స్టిక్‌ల జత

2023 ఫిబ్రవరి. అనంతపురంలో ఎండ అప్పటికే ముదిరింది. పాతూరులో మా వాయిద్యాల అంగడి పెట్టి ఇరవై ఆరేళ్లయింది. హార్మోనియం, డోలక్, కీబోర్డు, డ్రమ్ కిట్ అన్నీ అమ్ముతాం. కొనేవాళ్లలో ఎక్కువమంది చర్చిలవాళ్లు, భజన మండళ్లవాళ్లు, స్కూల్ బ్యాండులవాళ్లు. పొద్దున ప్రార్థన అయ్యాకే షట్టర్ ఎత్తుతాను. ఆదివారం అంగడి ఉండదు. ఆ రోజు నేను సంఘంలో పిల్లలకు వాక్యం చెప్తాను.

డ్రమ్ స్టిక్ అంటే మామూలు కర్ర ముక్కే అనుకుంటారు చాలామంది. దానికీ కొలతలున్నాయి. 7ఏ సన్నది, 5ఏ మధ్యరకం, 5బీ కొంచెం లావు, 2బీ ఇంకా లావు. అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది. కర్రలో మేపుల్ తేలిక. హికరీ దెబ్బకు ఓర్చుకుంటుంది. ఓక్ బరువైనది, గట్టిది, కానీ ముందుగా ఏ గుర్తూ చూపించకుండా ఒక్కసారిగా విరుగుతుంది. చర్చిలకు 5ఏ సరిపోతుంది. హెవీ మ్యూజిక్, అంటే గిటార్లు గర్జించే వేగమైన సంగీతం వాయించేవాళ్లు లావు స్టిక్‌లు అడుగుతారు. మా ఊళ్లో అలాంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

స్టిక్ అమ్మడంలో నాకొక పద్ధతి ఉంది. ముందు కౌంటరు అద్దంమీద దొర్లిస్తాను. వంకర ఉంటే కుంటుతూ పోతుంది. తర్వాత రెండు స్టిక్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి బల్లకు కొట్టి, రెండింటి శబ్దం ఒకటేనా అని వింటాను. చివరికి చిన్న కాటాలో తూస్తాను. మా పొడిగాలికి కర్రలో తడి ఆరిపోయి బరువు తగ్గుతుంది, పెళుసెక్కుతుంది. అందుకే స్టిక్‌లను ఇనుప బీరువాలో పెట్టి, అడుగు అరలో ఒక గిన్నె నీళ్లు ఉంచుతాను. నా అంగట్లో ఒక జతలోని రెండు స్టిక్‌ల మధ్య గ్రాము తేడా ఉండేది కాదు. ఎచ్చుతగ్గుల తూనిక దేవుడికి అసహ్యమని చిన్నప్పటినుంచి విన్నవాడిని. నా మట్టుకు ఆ మాట తూకపు రాళ్లకే కాదు, స్టిక్‌లకూ వర్తించింది.

ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కరుణ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఊళ్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. సొంతూరు కుందుర్పి దగ్గర పల్లె. వాళ్ల నాయన అక్కడి సంఘానికి పెద్ద. ఆమెతోపాటు వచ్చినవాడు ఇంతియాజ్, వాళ్ల బ్యాండులో గిటార్ వాయిస్తాడు. కరుణ సంచీ తెరిచి విరిగిన స్టిక్‌లు ఏడో ఎనిమిదో కౌంటరుమీద పోసింది.

"అన్నా, హెవీ మ్యూజిక్ వాయించేదానికి మంచి కర్రలు కావల్ల. ఏవి కొన్నా వారం నిలబడ్డంలే."

"మా బ్యాండులో పాటలకన్నా పొయ్యిలోకి కట్టెలే ఎక్కువ తయారవుతాండాయన్నా" అన్నాడు ఇంతియాజ్.

"నువ్వు తెంపిన తీగలతో బట్టలారేసుకోవచ్చు. గమ్మునుండు" అంది కరుణ.

యాడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. అందరినీ అడిగే మాటే.

"చర్చిలో అన్నా. మిగిలింది ఫోన్లో వీడియోలు చూసి."

ఇంకేమీ అడగలేదు. 5బీ హికరీ జత దొర్లించి, కొట్టి, తూచి ఇచ్చాను. పది రోజులకు మళ్లీ వచ్చింది. కుడిచేతి స్టిక్ మెడ దగ్గర ఎలుకలు కొరికినట్టు అరిగి విరిగింది. ఎడమచేతిది దాదాపు కొత్తగానే ఉంది, కానీ ఎడమ మణికట్టు నొస్తోందని చెప్పింది. 2బీకి మార్చాను. బరువైన స్టిక్ తన బరువుతోనే సగం పని చేస్తుంది, చేతికి శ్రమ తగ్గుతుందని మా వ్యాపారంలో ఒక మాట ఉంది. చాలామంది విషయంలో అది నిజమే. కరుణకు మణికట్టు వాచింది. అప్పుడు నేను ఇంకో తప్పు చేశాను. కర్ర విరగకుండా ఉంటే చాలు, నొప్పి దానంతటదే సర్దుకుంటుందనుకుని ఓక్ జత ఇచ్చాను. ప్రతిసారీ కుడిదే ఎందుకు విరుగుతోంది, ఎడమ చెయ్యే ఎందుకు నొస్తోంది అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

మార్చి మొదటివారంలో ఇంతియాజ్ ఒక్కడే వచ్చాడు. తీగల సెట్టు కొన్నాడు కానీ కదల్లేదు.

"ఏమప్పా, ఇంగేం కావాల?"

"కరుణ గురించన్నా. నెలాఖరుకు బెంగళూరులో పోటీ ఉండాది. ప్రాక్టీసులో రెండుసార్లు కర్ర చెయ్యి జారి పడింది. మావోళ్లు బెంగళూరు నుంచి ఇంగో డ్రమ్మర్‌ను పిలిపిద్దామంటాండారు. శనివారం తేల్చేస్తారు."

"ఆయమ్మికి చెప్పినారా?"

"ఎట్ల చెప్పల్లన్నా? బ్యాండు పెట్టిందే ఆయమ్మి. నాలుగేండ్ల కింద మమ్మల్ని ఒక్కొక్కర్నీ ఇండ్లకాడికొచ్చి పిల్చుకోని పోయింది."

అతను వెళ్లాక మనసు కుదురుగా లేదు. తన బ్యాండులో తన చోటు ఆ అమ్మాయి పోగొట్టుకోబోతోంది. చేతిలో ఉన్నవి నేను ఎంచి ఇచ్చిన స్టిక్‌లు.

గురువారం మధ్యాహ్నం అంగడి మూసి వాళ్లు ప్రాక్టీసు చేసే చోటికి వెళ్లాను. కళ్యాణదుర్గం రోడ్డులో ఖాళీగా పడున్న వేరుశనగ గోడౌన్ అది. మూలన ఒక గోనెసంచిమీద కూర్చుని ఆమె చేతులే చూశాను.

డ్రమ్ కిట్‌లో హైహ్యాట్ అని జంట తాళాలుంటాయి, ఎడమవైపు. ఎదురుగా, ఒళ్లోకి వచ్చేట్టు స్నేర్ డ్రమ్ ఉంటుంది. అందరూ నేర్పే పద్ధతిలో కుడిచెయ్యి ఎడమచేతి పైనుంచి దాటి హైహ్యాట్‌మీద లయ నడుపుతుంది. ఎడమచెయ్యి కిందనుంచి స్నేర్‌మీద బలమైన దెబ్బ వేస్తుంది. కరుణ కూడా అలాగే కూర్చుంది. కానీ ఆమె కుడిచెయ్యి భుజంనుంచి దిగుతోంది. అంత బలం తాళం అంచుమీద పడితే ఏ కర్రైనా అరగాల్సిందే. ఎడమచేతిలో మాత్రం స్టిక్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యే పట్టుకుంది. మిగతా మూడు వేళ్లూ తెరిచి ఉన్నాయి. సన్న పుల్లను ఆడించే పట్టు అది. ఆ పట్టుతో ఓక్ కర్రను ఎత్తి బలంగా కొట్టాలంటే మణికట్టు ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఆ ఎడమచేతిని నేను అంతకుముందు చూశాను. మా నాయన చెయ్యి అలాగే ఉండేది.

తప్పెట, అంటే డప్పు వాయించేవాళ్ల రెండు చేతుల్లో రెండు రకాల కర్రలుంటాయి. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది పెద్ద దెబ్బకు. ఎడమచేతిలో పొడుగాటి సన్న పుల్ల, అంచుమీద చిటపటలాడించడానికి. ఆ రెండూ ఎప్పుడూ సమానంగా ఉండవు.

మిగతావాళ్లు టీకి బయటికి వెళ్లారు. కరుణ మణికట్టుకు గుడ్డ చుట్టుకుంటోంది.

"కరుణా, తప్పెట ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"తప్పెట ఏందన్నా? నాకేం తెలుసు?"

"మా నాయన కూడా వాయించేవాడులేమ్మా. బాప్తిస్మం తీసుకున్న వారమే అటక ఎక్కించినాడు."

ఆమె గుడ్డ చుట్టడం ఆపి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"జేజినాయన నేర్పించినాడు. చిన్నప్పుడు, సెలవుల్లో, చేనుకాడ. నాయనకు తెలిస్తే కర్రలతోపాటు నన్నూ విరుస్తాడు."

తాత దగ్గర నేర్చుకున్నది తండ్రి దగ్గర దాచడం మా ఇళ్లలో కొత్త సంగతి కాదు. చావు ఊరేగింపుల్లో, జాతరల్లో వాయించేది కాబట్టి విశ్వాసంలోకి వచ్చినవాళ్లు తప్పెటను విడిచిపెట్టారు. మా నాయన చేసింది సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే విడిచిపెట్టాక దాని పేరెత్తడం కూడా మానేశాం. అందుకే యాడ నేర్చుకున్నావని అడిగితే కరుణ చర్చిలో అంది. నేనూ నమ్మి ఊరుకున్నాను.

బైబిల్లో గొర్రెలు కాసుకునే పిల్లవాడికి యుద్ధానికి ముందు రాజు తన కవచం తొడిగించడం, అది వేసుకుని వాడు నడవలేక విప్పేయడం, ఆ కథ ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినన్నాళ్లూ నన్ను ఆ పిల్లవాడి పక్షానే అనుకున్నాను. కవచం తొడిగించిన చేతులు నావేనని గోడౌన్‌లో తెలిసింది.

శుక్రవారం కరుణను, ఇంతియాజ్‌ను అంగడికి రమ్మన్నాను. 2బీ హికరీ జతలోంచి ఒకటి తీశాను. 5ఏ జతలోంచి ఇంకొకటి తీశాను. జత విడదీసి అమ్మడం అదే మొదటిసారి. కాటాలో పెట్టి చూస్తే పదమూడు గ్రాముల తేడా. చెయ్యి కాసేపు వెనక్కు లాగింది.

ఇంతియాజ్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఏందన్నా ఇది? ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పు ఇచ్చినట్ల ఉండాది."

"చేతులు దాటించొద్దమ్మా" అని కరుణకు చెప్పాను. "హైహ్యాట్ ఎడమపక్కనే ఉండాది గదా, ఈ సన్నదాంతో ఎడమచెయ్యే దాన్ని ఆడించనీ. లావుదాంతో కుడిచేత్తో స్నేర్ కొట్టు. మీ జేజినాయన ఎట్ల చూపించినాడో అట్ల."

"ఏం జేజినాయన?" అన్నాడు ఇంతియాజ్.

"నీకు తర్వాత చెప్తాలే" అంది కరుణ.

అలా చేతులు దాటించకుండా వాయించేవాళ్లు బయట ఉన్నారు. అది నేను కనిపెట్టిందేమీ కాదు. కానీ నాలుగేళ్ల అలవాటును ఒక్క రోజులో తిప్పుకోవాలి.

శనివారం నేనూ వెళ్లాను. వాళ్ల పాటల్లో అన్నిటికంటే వేగమైనది పట్టుకున్నారు. మొదటిసారి కరుణ రెండుచోట్ల తప్పి ఆగిపోయింది. వేరే డ్రమ్మర్ కావాలన్న బేస్ గిటార్ అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రెండోసారి ఒకచోట తప్పింది కానీ ఆగలేదు. మూడోసారి మొదలుపెట్టాక, ఎడమచేతి సన్న స్టిక్ తాళంమీద చిటపటలాడడం మొదలైంది. కుడిచెయ్యి స్నేర్‌మీద పడినప్పుడల్లా రేకుల కప్పు అదిరింది. పాట చివరిదాకా వెళ్లింది. బేస్ గిటార్ అతను ఇటు తిరిగి, "ఇంగోసారి" అన్నాడు. అదీ వాయించింది.

ఇంతియాజ్ గిటార్ దించి, "సరే, బెంగళూరాయప్పను రావద్దని చెప్పేస్తా" అన్నాడు.

"ఏ బెంగళూరాయప్ప?" అంది కరుణ.

అందరికీ ఒక్కసారే టీ గుర్తొచ్చింది.

బెంగళూరులో వాళ్లకు బహుమతి రాలేదు. కరుణ మాత్రం మొత్తం వాయించింది. స్టిక్ జారలేదు, మణికట్టు వాచలేదు. పాటలయ్యాక వ్యాఖ్యాత ఆమె స్టిక్‌లు చూసి, రెండూ వేరువేరుగా ఉన్నాయేమిటని అడిగాడట. మా జేజినాయన తప్పెట వాయించేవాడు, ఆయన దగ్గర నేర్చుకున్నానని మైకులో చెప్పింది. ఆ వీడియో ఫోన్లనుంచి ఫోన్లకు పాకి వాళ్ల ఊరిదాకా వెళ్లింది.

రెండు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు అంగట్లోకి వచ్చారు.

"వందనాలు. కుందుర్పి పక్కనుంచి వస్తాండా. మా కరుణకు కర్రలిచ్చింది నువ్వేనా?"

"వందనాలన్నా. నేనే." ఆ అమ్మాయి దాచుకున్న సంగతి బయటపడటానికి మొదటి కారణం నేను.

"ఏవి ఇచ్చినావో చూపీ."

అలాంటివే రెండు తీసి అద్దంమీద పెట్టాను. ఆయన లావుది చేతిలోకి తీసుకుని, ఒకసారి బరువు చూసి, తలూపి పెట్టేశారు. సన్నది ఎడమచేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కౌంటరు చెక్కమీద వదిలారు. అది రెండుసార్లు ఎగిరింది. తర్వాత గబగబా ఒక వరస మోగింది. ఆయన మిగతా మూడు వేళ్లూ తెరుచుకున్నాయి. నేను బీరువా వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాను.

"ఇది ఆ పిల్లకు ఎచ్చు బరువు" అన్నారు వెనకనుంచి. "ఇంగా సన్నది ఉండాదా?"

7ఏ మేపుల్ జతలు నాలుగు విప్పి ముందు పెట్టాను. ఆయన నా కాటా వైపు చూడలేదు. ఒక్కొక్కటే తీసి చెక్కమీద ఆడించి, ఐదోదాన్ని ఎంచి పక్కన పెట్టారు. కాగితంలో చుట్టబోతే వద్దన్నారు.

"నీ కాడే పెట్టుకో. ఆ పిల్ల వచ్చినప్పుడు నువ్వే ఇచ్చినట్ల ఇయ్యి."

"మీరు ఎంచినారని చెప్పొద్దా అన్నా?"

"నేను సంఘ పెద్దనప్పా" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత హెవీ మ్యూజిక్‌కి స్టిక్‌లు కావాలని ఎవరొచ్చినా నేను వెంటనే అంకె చెప్పడంలేదు. మొదట దేనిమీద చెయ్యి తిరిగిందని అడుగుతాను. చెప్పినవాళ్ల మాట వింటాను. చెప్పనివాళ్ల ముందు జతలు విప్పేసి, లావువీ సన్నవీ అద్దంమీద కలిపి పోసి, కాసేపు వేరే పని చూసుకుంటాను. నోరు చెప్పడానికి ఇష్టపడనిది చేతులు దాచలేవు. ఇన్నేళ్లూ నేను కర్రలనే తూచాను. పట్టుకునే చేతిని చూడాలని నేర్పింది కరుణ సంగతే.

వాళ్ల నాయన వచ్చిపోయిన వారం, శనివారమే కరుణ వచ్చింది. 7ఏ స్టిక్‌ను ఎడమచేత్తో కౌంటరుమీద ఆడించి చూసి, "ఇంత కరెక్టుగా ఎట్ల ఎంచినావన్నా?" అని అడిగింది.

"ఎంచేవాళ్లకు అనుభవం ఉండల్లమ్మా" అన్నాను. ఆ అనుభవం నాదని మాత్రం చెప్పలేదు.