మాస్టారి కార్డుకి నాలుగు మూలలా పసుపు

మాస్టారు మొదట తన మొహాన్ని జనాల ఫ్రిజ్‌ల మీద అతికిద్దామనుకున్నారు. ద్రాక్షారామంలో తెలుగు చెప్పి రిటైరైన ఆయన తొలి కథల పుస్తకం వేసుకున్నారు. రాజమండ్రిలో ఆవిష్కరణ సభ. వచ్చినవాళ్ళకు ఏదైనా కానుక ఇవ్వాలి, అది ఎవరూ పారేయకూడదు, చూసినప్పుడల్లా ఆయన గుర్తు రావాలి. అందుకని ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బిళ్ళ చేసిపెట్టమని నన్ను అడిగారు. పాలగిన్నె కోసం వెళ్ళిన ప్రతిసారీ ఆ చూపు ఎదురైతే పాలు విరుగుతాయేమో అనిపించింది కానీ, ఆ మాట అనలేక బుక్‌మార్కు చేద్దామన్నాను. ఒకవైపు విజిటింగ్ కార్డులా ఫోటో, పేరు, ఫోను నంబరు. రెండోవైపు సభకు ఆహ్వానం. ముందుగా పంచవచ్చు, తరువాత పుస్తకంలో పెట్టుకోవచ్చు. ఆయన ఒప్పుకున్నారు.

పిల్లాడు పుట్టాక నాకు దొరికిన మొదటి పని అది. నేను చదివిన డిగ్రీ, పెళ్ళికి ముందు చేసిన డిజైనింగ్ ఉద్యోగం పాలసీసాల వెనక ఎక్కడో పడిపోయాయి. అత్తయ్యగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

"ఈ ఒక్కటీ అయ్యేదాకా మధ్యాహ్నాలు పిల్లాణ్ణి నేను చూస్తాను. సవ్యంగా అయితే సరే. ఏదైనా పేచీ వచ్చిందంటే మాత్రం ఆ కంప్యూటర్ మూసేసి నీ కొడుకుని నువ్వే పెంచుకో అమ్మాయ్."

కాబట్టి పేచీ రాకూడదు. నేను గోదావరి రంగులో ఒకటి, వరిచేల పచ్చలో ఒకటి, రెండు డిజైన్లు చేసి పంపాను. మాస్టారు ఫోన్ చేశారు.

"సర్కస్ పోస్టర్‌లా ఉందమ్మా. రచయితంటే గంభీరంగా ఉండాలి. నలుపు తెలుపుల్లో చెయ్యి."

"ఫోటో ఏది పెట్టమంటారు మాస్టారూ?"

"రిటైర్‌మెంటు రోజుది పంపిస్తున్నాను. నా మొహం బాగా వచ్చింది అదొక్కదాన్లోనే."

ఆ ఫోటోలో ఆయన మెడలో గజమాల ఉంది. దాన్ని నలుపు తెలుపు చేసి, కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, చుట్టూ నల్లటి అంచు పెట్టమన్నారు. పేరు కింద పుట్టిన సంవత్సరం వేయించారు. దాని పక్కన చిన్న గీత కూడా ఉండాలన్నారు. పెద్ద రచయితలందరికీ అలాగే ఉంటుందట. గీత తరువాత ఖాళీ.

స్క్రీన్ మీద దాన్ని చూడగానే నాకు భయం వేసింది. అయితే నాకు భయం వేయడానికి పెద్ద కారణమంటూ అక్కర్లేదు. కుక్కర్ కూత ఆలస్యమైతే వేస్తుంది. పిల్లాడు ఎక్కువసేపు నిద్రపోతే వేస్తుంది. ఈ రాత్రి ఇది రాస్తూ కూడా వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. "నీకు దోమ కుట్టినా డెంగ్యూనే" అంటాడు మా ఆయన. అందుకని నా భయాన్ని నేనే నమ్మలేదు. కార్డుల్ని ప్రెస్సుకి పంపేశాను.

ప్రెస్సువాళ్ళు కట్టలన్నీ నేరుగా మాస్టారికి పంపి, మచ్చుకి కాసిని మా ఇంటికి పంపారు. పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోకి వెళ్ళిన అత్తయ్యగారు ఒకటి తీసి చూశారు.

"అయ్యో పాపం. ఎలా పోయారు?"

"పోలేదండి. ఆయనే రచయిత."

ఆవిడ కార్డుని ఇంకోసారి చూశారు. దాన్ని మెట్టు మీదే పెట్టి, పిల్లాణ్ణి నాకిచ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చారు.

"మాల, నల్ల అంచు, గీత. ఇది పెద్దకార్యం కార్డు కాక ఏంటే? దీన్నెవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా? చదివి గుమ్మం బయటే చింపేస్తారు. పసిపిల్లాడున్న ఇంటికి తెచ్చావు, బాగుంది నీ ఉద్యోగం."

ఎవరూ పారేయకూడదని మాస్టారు అడిగారు. నేను మా వైపు ఎవరూ గడప దాటనివ్వని ఒకే ఒక్క వస్తువుని తయారుచేసి ఇచ్చాను. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, కార్డులు పంచేశారా?"

"సగం పంచానమ్మా. పొద్దుట్నుంచి ఫోన్లే ఫోన్లు. మా ఆవిడ ఎత్తితే ఏడుస్తున్నారు, నేను ఎత్తితే పెట్టేస్తున్నారు."

"అయ్యో."

"ఎంత మంచివాడో అని మా ఆవిడతో అంటున్నారమ్మా. ఒక్కడూ పుస్తకం ఊసెత్తలేదు. భోజనాలు ఎన్నింటికని మాత్రం అడిగారు. రావులపాలెంలో అరటి వ్యాపారం చేసే నా శిష్యుడొకడు విస్తళ్ళకి ఆకుల కట్టలు పంపించేశాడు."

ఇంతలో ఆయన భార్య ఫోన్ లాక్కున్నారు. ఆవిడ గొంతులో నవ్వు లేదు.

"అమ్మా, పసుపు కుంకుమలతో ఉన్నదాన్ని. బజారుకెళ్తే నా నుదుటికేసి చూస్తున్నారు. ఆ సభా వద్దు, ఆ కార్డులూ వద్దు. మిగిలినవన్నీ తగలేసెయ్యమంటున్నాను."

సభ ఇక రెండు రోజుల్లో ఉంది. పెళ్ళిళ్ళ సీజను, ప్రెస్సువాళ్ళు మళ్ళీ వేయలేరు. సభ ఆగిపోతే దాంతో పాటే నా ల్యాప్‌టాప్ కూడా మూతపడుతుంది. అత్తయ్యగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. పేచీ ఎంతవరకూ వచ్చిందో కనుక్కుంటారనుకున్నాను.

"వదినగారూ, కంగారు పడకండి. నాలుగు మూలలా పసుపు పెడదాం. పసుపు పెట్టిన కార్డు చావు కార్డు ఎలా అవుద్దండి? మిగిలినవి పట్టుకుని అన్నయ్యగారిని కూడా తీసుకుని వచ్చెయ్యండి. మనిషిని కళ్ళారా చూస్తే మా కోడలు కూడా కుదుటపడుద్ది."

మధ్యాహ్నం బస్సుకి దంపతులిద్దరూ వచ్చారు. మా హాల్లో చాప పరిచి, పసుపు కలిపి, పెళ్ళి శుభలేఖలకు పెట్టినట్టే మూలమూలకీ పెట్టడం మొదలుపెట్టాం. చర్చికెళ్ళే పాత సహోద్యోగుల కార్డులకు పసుపు బాగుండదని మాస్టారు పక్కకు తీశారు. వాటి నల్ల అంచు మీద నేను స్కెచ్ పెన్నుతో ఆకుపచ్చ తీగ గీశాను. పసుపు పెట్టాక కూడా గీత, గీత పక్కన ఖాళీ అలాగే ఉన్నాయి. మాస్టారి భార్య కాసేపు వాటికేసి చూసి, కుంకుమ భరిణె అడిగారు. సరిగ్గా గీత మీద ఒక బొట్టు పెట్టారు. తరువాత కార్డు మీద, దాని తరువాత కార్డు మీద కూడా తనే పెట్టారు, ఆ బొట్టు ఇంకెవరినీ పెట్టనివ్వలేదు.

"గాంభీర్యం పోయింది," అన్నారు మాస్టారు.

"పోతే పోయింది. మీరున్నారుగా," అన్నారావిడ.

"పెళ్ళికొడుకులా ఉన్నారండీ అన్నయ్యగారూ," అన్నారు అత్తయ్యగారు. ఆయన కార్డుని దూరంగా పెట్టి చూసుకున్నారు. కాదనలేదు.

పాత కార్డులు అందినవాళ్ళందరికీ మాస్టారి భార్యే ఫోన్లు చేశారు. "ఆయన ఉన్నారండి. ఇదిగో, కాఫీ తాగుతున్నారు. చింపేశారా? పర్లేదు, సభలో కొత్తది ఇస్తాం."

సభకు హాలు నిండింది. సాహిత్యం మీద ప్రేమతో అనను. చాలామంది ముందు వరసలో కూర్చుని ఆయన కాళ్ళు నేలకి ఆనుతున్నాయా అని చూశారు. రావులపాలెం ఆకుల్లో పులిహోర పెట్టాం. పుస్తకాలు అమ్ముడయ్యాయి, చాలావాటి అట్టల మీద పసుపు వేలిముద్రలతో సహా. బుక్‌మార్కు ఒక్కటి కూడా కింద పడి కనిపించలేదు. పసుపు పెట్టినదాన్ని కింద పడేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

పులిహోర దగ్గర ఒక కవయిత్రి నన్ను పట్టుకున్నారు. "నా పుస్తకం కూడా వస్తోందమ్మా. ఇలాంటివే చేసిపెడతావా?"

నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ పిల్లాడి నోట్లోంచి పులిహోరలోని మిరపకాయ ముక్క తీస్తున్నారు. నా గుండె దానికోసం ఒకసారి, జవాబుకోసం ఒకసారి ఆగింది.

"మధ్యాహ్నాలు వీణ్ణి నేను చూస్తాలే," అన్నారు ఆవిడ తల ఎత్తకుండానే. "ఫోటో మాత్రం ముందు నాకు చూపించాలి."

అప్పట్నుంచీ ఏ రచయిత మొహమైనా ఆవిడ కళ్ళజోడు దాటాకే ప్రెస్సుకి వెళ్తుంది. మొన్న ఒకాయన బూడిదరంగు అంచు అడిగాడు. అత్తయ్యగారు పిల్లాడికి అన్నం పెడుతూ స్క్రీన్‌లోకి తొంగిచూసి, "ఇంట్లో అందరూ బాగున్నారా కనుక్కో ముందు," అన్నారు. కనుక్కున్నాను. అందరూ బాగానే ఉన్నారు. అంచు ఆకుపచ్చగా మార్చాం.